ఒక్క మనిషి సగటు

జూలై 9

వదినగారికి నమస్కారాలు.

ముందుగా నా తప్పుల్నీ, నా చేతిరాతనీ క్షమించండి. ఏ అక్షరానికి ఏ ఒత్తు పడుతుందో ఇప్పటికీ తడబడతాను. ఎంత జాగ్రత్తగా రాసినా అక్షరాలు గీత దిగి కిందికి జారిపోతాయి. మీ తమ్ముణ్ణి పెళ్లి చేసుకున్నాక మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటారేమో. ఇంట్లో ఉన్న ఫోన్లు రెండూ నావి కావు. మాట్లాడితే పక్కవాళ్లకి వినపడని గది ఈ ఇంట్లో లేదు.

సంగతి ఏమిటంటే, మీరు ఇంటర్నెట్‌లో పెట్టిన పట్టిక గురించి. ప్రభుత్వం బయటపెట్టిన బడుల లెక్కలన్నీ పోగుచేసి, ఎవరైనా సరే బడీ వయసూ నొక్కితే ఎంతమంది చదువుతున్నారో, సగటున ఎన్ని మార్కులు వచ్చాయో కనపడేలా చేశారట కదా. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ తమ్ముడు దాన్ని ఫోన్‌లో తెరిచారు. "అక్క బుర్రంతా ఇందులో పోసిందమ్మా, చూడు" అని మొదట గొప్పగానే అన్నారు. తర్వాత ఆటకి మన వీధి చివరి సాయంత్రం బడి నొక్కారు. ఆడవాళ్లు అని నొక్కారు. పెళ్లైనవాళ్లు అని నొక్కారు. ఇరవైకీ ఇరవై అయిదుకీ మధ్య వయసు నొక్కారు.

"ఒక్కతే ఉందిట! లెక్కల్లో సగటు పదకొండు. నూటికి పదకొండే అమ్మా! మొగుడికి వేళకింత వండి పెట్టడం మానేసి ఈవిడగారు సంపాదించింది ఇదీ" అని పొరబోయేదాకా నవ్వారు.

అత్తయ్యగారూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఒక్కతీ నేనే వదినగారూ.

ఆరో తరగతిలో మానేసిన చదువు. మార్చిలో పదో తరగతి పరీక్ష రాయాలని సాయంత్రం బడిలో చేరాను. ఇంట్లో కుట్టు క్లాసు అని చెప్పాను. అది తప్పే. కానీ నిజం చెబితే గుమ్మం దాటనివ్వరని మీకు నాకన్నా బాగా తెలుసు. పరీక్ష రాసేవరకు తెలియకుండా ఉంటే చాలు, తర్వాత ఏమైనా పడతాను.

పట్టికలోంచి ఆ ఒక్క గీత తీసేయండి. ఒక్క మనిషికి సగటు ఏమిటి వదినగారూ? అవి నా మార్కులే కదా.

జవాబు ఇంటికి కాకుండా బడి చిరునామాకి, మా లెక్కల మాస్టారి పేరున రాయండి. చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి. చింపితే ముక్కలు మిగులుతాయి.

ఇట్లు,
మీ మరదలు


జూలై 17

మరదలికి,

నీ ఉత్తరం అందింది. చదువుకుంటున్నావంటే సంతోషం, మనస్ఫూర్తిగానే అంటున్నాను. కానీ రెండు మాటలు సూటిగా చెప్తాను.

మొదటిది. ఈ ఉత్తరం నీ అంతట నువ్వు రాసిందేనా? "ఒక్క మనిషికి సగటు ఏమిటి" అని ఆరో తరగతిలో మానేసిన పిల్ల అడగదు. మీ మాస్టారు అడిగించాడని నా నమ్మకం. పట్టిక పెట్టిన దగ్గర్నుంచీ నాకు ఇలాంటివి రోజూ వస్తున్నాయి. తన దగ్గర చదివేవాళ్లకి పదకొండు మార్కులు వస్తున్నాయని లోకానికి తెలియడం ఏ మాస్టారికి ఇష్టం? నిన్ను అడ్డం పెట్టుకుని తన బడి పరువు దాచుకుంటున్నాడు. కాస్త కళ్లు తెరువు.

రెండోది. అందులో నీ పేరు లేదు, ఇంటి నంబరు లేదు. ఆ లెక్కలు ప్రభుత్వమే అందరి ముందూ పెట్టింది. ఎవరికీ అర్థంకాని వేల కాగితాలని నేను వెతుక్కోవడానికి వీలుగా మార్చానంతే. తలుపులు తీసి ఉన్న ఇంట్లోకి చూడటం తప్పెలా అవుతుంది? ఏ గ్రంథాలయానికీ వెళ్లలేని పిల్లలు ఇంట్లో కూర్చుని ఆ పట్టికతో పరిశోధన చేస్తున్నారు. నీకు భయమని ఒక గీత చెరిపితే రేపు ఇంకొకరికి సిగ్గని మరొకటి చెరపాలి. అప్పుడది పరిశోధన కాదు, మొహమాటం.

నువ్వు అనవసరంగా భయపడుతున్నావు. నీకు మేలవుతుందని నిన్న అమ్మకి ఫోన్ చేశాను. నీ మాట ఎత్తలేదు. "మన వీధిలో ఎవరో పెళ్లైన పిల్ల చదువుకుంటోందట, అలాంటివాళ్లని చూసి నవ్వకూడదు, మెచ్చుకోవాలి" అన్నాను. అమ్మ ఊఁ కొట్టింది. మనసు మారడానికి అదే మొదలు.

లెక్కల మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టు.

మీ వదిన


జూలై 26

వదినగారికి,

మీరు ఫోన్ పెట్టేశాక అత్తయ్యగారు లేచి గుమ్మంలోకి వెళ్లారు. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేయని కూతురు, వీధిలో ఎవరో చదువుకుంటోందని పనిగట్టుకుని పొద్దున్నే చేసిందంటే, ఆ ఎవరో ఎవరో తేల్చుకోవాలి కదా. గుమ్మంలో కూర్చుని వీధిలోని కోడళ్లని వేళ్ల మీద లెక్కపెట్టారు.

"పాలాయన కోడలికి ముప్పై దాటాయి. టైలర్ కోడలు పురిటికెళ్లింది. మేడ మీద అద్దెకున్న పిల్ల కాలు విరిగి మంచం మీదుంది. ఇంక మిగిలిందెవరే?"

నేను గిన్నెలు తోముతున్నాను. తోమిన గిన్నే మళ్లీ తోముతున్నాను.

"నిన్నేనే అడిగేది. ఇన్నాళ్లుగా కుట్టు క్లాసుకి వెళ్తున్నావు కదా. ఒక్క దిండు గలీబు కుట్టింది తెచ్చి చూపించు, నోరు మూసుకుంటా."

అంతే. మీరు మనసు మార్చిన తీరు ఇదీ.

సాయంత్రం మీ తమ్ముడు కొట్టు కట్టేసి వచ్చారు. విన్నారు. కొట్టలేదు, అరవలేదు. "చిన్నప్పట్నుంచీ అక్క ముందు నన్ను ఫెయిల్ మొహమని నిలబెట్టారు. ఇప్పుడు పెళ్లాం ముందు కూడా నిలబడాలా? ఈ ఇంట్లో చదువుకున్న ఆడది ఒకతి ఉంది, దాంతోనే చస్తున్నాం" అన్నారు. నా పుస్తకాలు తీసుకెళ్లి కొట్లో పాత ఫోన్ల విడిభాగాలు పెట్టే సొరుగులో వేసి తాళం వేశారు. ఆ రోజు నుంచి నా పేరు పదకొండు. "పదకొండూ, మంచినీళ్లు." "పదకొండూ, చొక్కా ఏదీ?" పక్కింటి పిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు.

తీసి ఉన్న తలుపులోంచి చూడటం తప్పు కాదన్నారు. కావచ్చు. కానీ ఆ కాగితాలు అన్నాళ్లుగా అక్కడే ఉన్నాయి, మా వీధిలో ఒక్కరూ చూడలేదు. గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడి రండి చూడండి అని పిలిచింది మీరు.

మాస్టారు నా చేత రాయించారన్నారు. మీకు రాస్తానని చెబితే ఆయన "వద్దమ్మా, పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోకు" అన్నారు. ఒక్క మనిషికి సగటు ఏమిటని ఆరో తరగతి పిల్ల అడగదని మీరు అనుకున్నారు. అడిగింది. జవాబు మాత్రం రాలేదు.

పోయినసారి కాల్చేయమన్నాను. ఇది కాల్చనక్కర్లేదు. మీ ఆఫీసు గోడకి అంటించుకోండి.

మీ తమ్ముడి భార్య


ఆగస్టు 3

మరదలికి,

గోడకి అంటించుకోమన్నావు. బాగుంది. చదువు సంగతి ఎలా ఉన్నా పొగరు మాత్రం త్వరగానే వంటబట్టింది.

అమ్మకి ఫోన్ చేయడం నా పొరపాటు, ఒప్పుకుంటాను. అది నా నోటి పొరపాటు, పట్టికది కాదు. ఈ రెండూ కలిపి నన్ను దోషిని చేయకు.

ఆ ఇంట్లో నేను చదువుకునేటప్పుడు నాకు ఎవరు చాటు ఇచ్చారనుకున్నావు? కుట్టు క్లాసని అబద్ధం చెప్పి చదవలేదు. మొహం మీదే చెప్పి, తిట్లు తిని, అన్నం మానేసి చదివాను. అమ్మ నా పుస్తకాలు బావిలో పడేస్తే దిగి తీసుకున్నాను. నువ్వు ఎవరికీ కోపం రాకుండా, ఎవరి కంటా పడకుండా పాసైపోదామనుకున్నావు. అలా కుదరదు. అది నేను చేసిన అన్యాయం కాదు, ఆ ఇంటి పద్ధతి.

తమ్ముడి సంగతి నాకు చెప్పకు. లెక్కల్లో రెండుసార్లు తప్పి, ప్రశ్నపత్రం తప్పని ఊరంతా చెప్పుకు తిరిగాడు. వాడు నిన్ను పదకొండని పిలవడం చూస్తే నవ్వొస్తోంది.

నిజంగా చదువు కావాలంటే ఇల్లు వదిలి ఇక్కడికి రా. హాస్టల్లో చేర్పిస్తాను. రాలేనంటే ఆ మాట ఒప్పుకుని ఊరుకో, నన్ను తిట్టి ప్రయోజనం లేదు. లక్షలమంది పిల్లల లెక్క అది. నీ ఒక్కదాని కోసం మార్చను.

మీ వదిన


సెప్టెంబరు 14

వదినగారికి,

మీ హాస్టల్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇల్లు వదిలితే చదువు, ఉంటే గిన్నెలు అని మీరెందుకు ఖాయం చేశారో తెలియదు. నాకు రెండూ కావాలి.

మీ ఉత్తరం చదివిన మర్నాడు కొట్టుకి వెళ్లాను. పెళ్లయ్యాక ఆ కొట్టు మెట్టెక్కడం అదే మొదలు. నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక నిలబడ్డాను. మీ తమ్ముడు తలెత్తి "ఏం కావాలి" అని తెలియనివాళ్లని అడిగినట్టు అడిగారు.

"నా లెక్కల పుస్తకం కావాలండీ. ఆ సొరుగులో ఉంది" అన్నాను.

నిలబడ్డవాళ్లలో ఒకాయన "పుస్తకాలు కూడా రిపేరు చేస్తున్నావేమిటోయ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. మీ తమ్ముడు సొరుగు తీసి ఇచ్చారు. ఇచ్చారనడం కన్నా విసిరారనాలి. నేను కింద పడకుండా పట్టుకున్నాను.

అప్పటినుంచి చాటు లేదు. సాయంత్రం చేసంచిలో పుస్తకాలు కనపడేలా పెట్టుకుని వెళ్తున్నాను. అత్తయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. చెప్పాల్సింది గోడకి చెప్తారు. "గోడా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, చదువుకున్నవాళ్లకి కనపడదేమో" అంటారు. కుళాయి దగ్గర ఎవరో "ఈ వయసులో కోడల్ని బడికి పంపుతున్నావట, నువ్వెప్పుడు చేరతావు" అన్నారని రెండు రోజులు భోజనం చేయలేదు.

ప్రభుత్వం మూడు నెలలకోసారి కొత్త లెక్కలు పెడుతుందట కదా, మొన్న మీ పట్టికలో అవి వచ్చాయి. పదకొండు ముప్పై నాలుగైంది. నేను చెప్పలేదు, మీ తమ్ముడే చూసుకున్నారు. పదకొండని పిలవడం మానేశారు. ఇప్పుడు ఏమనీ పిలవరు. మంచినీళ్లు తనే ముంచుకుంటారు.

అసలు సంగతి ఇది. టైలర్ కోడలు బిడ్డని ఎత్తుకుని తిరిగొచ్చింది. ఆమే, ఇంకొకామే బడికొచ్చి మాస్టారిని అడిగారు. "ఒకతి ఉందట కదా సార్, ఫోన్‌లో చూశాం. ఒకతి ఉంటే ఇంకొకతి ఉంటే ఏం?" అన్నారు. వచ్చే నెల చేరతారు.

అందుకని ఆ గీత అలాగే ఉంచండి. మిమ్మల్ని క్షమించి ఈ మాట రాయడం లేదు. మీవల్ల నా మార్కులు ఊరందరి నోట్లో పడ్డాయి. వాటిని నేను ముప్పై నాలుగు దాకా తీసుకొచ్చాను. ఇప్పుడవి మీవి కావు.

మరదలు


సెప్టెంబరు 14

మరదలికి,

నువ్వు నెగ్గావు. సంతోషించు.

పై ఊళ్లో ఇంకెవరిదో ఇలాంటి గొడవే జరిగి మా సంస్థ పెద్దల దాకా వెళ్లింది. నన్ను పిలిచి, పదిమంది ముందు, పరిశోధన మొదటి ఏడాది పిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఒక గడిలో ఐదుగురి కన్నా తక్కువమంది ఉంటే ఆ గడిలో అంకె చూపించకూడదు, ఖాళీగా వదిలేయాలి. లేకపోతే ఊళ్లోవాళ్లు మనిషిని పట్టేస్తారు. ఈ నియమం నాకు తెలియనిది కాదు. ప్రభుత్వమే పెట్టిన అంకెలు కదా, నాకు వర్తించదనుకున్నాను. అలా అనుకోవడం తప్పని ఇప్పుడు అందరూ నాకు నేర్పుతున్నారు.

నిన్న పట్టిక మొత్తం మార్చాను. మీ బడి దగ్గర నీ వయసూ నీ వివరాలూ నొక్కితే ఇక ఏమీ రాదు. ఒట్టి తెల్ల గడి. నిన్నెవరూ చూడలేరు. నువ్వు అడిగింది ఇదే కదా. ఎన్నో నెలల పని ఇందుకోసం చిల్లులు పడ్డ గుడ్డలా అయింది. అయినా పరవాలేదు, మీ ఇంట్లో ప్రశాంతత వచ్చిందని ఆశిస్తున్నాను.

జవాబు రాయనక్కర్లేదు.

మీ వదిన


అక్టోబరు 6

వదినగారికి,

జవాబు రాయొద్దన్నారు. రాయక తప్పడం లేదు. మన ఉత్తరాలు రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఉంచమని నేను రాసిన రోజుకే మీరు తీసేశారు.

మా సాయంత్రం తరగతి మూసేస్తున్నారు. ఈ నెలాఖరుతో ఆఖరు. తరగతి లేకపోతే బడి నుంచి మా పేర్లు పరీక్షకి వెళ్లవు. మార్చి లేదు.

ఎందుకని అడగడానికి మాస్టారూ నేనూ విద్యా కార్యాలయానికి వెళ్లాం. రెండో అంతస్తు, పొడుగాటి వరండా, చివరి గది. బల్ల వెనక గుమాస్తా కంప్యూటర్ మా వైపు తిప్పాడు. అది మీ పట్టికే. నేను గుర్తుపట్టాను.

"పెళ్లైన ఆడవాళ్ల కోసమని కదా ఈ తరగతి పెట్టింది. ఎవరున్నారు ఇందులో? చూడండి, ఖాళీ" అన్నాడు.

మాస్టారు "ఖాళీ అంటే లేరని కాదండీ" అన్నారు.

"మరేమిటి? ఉంటే అంకె ఉండాలిగా. పక్క బడి చూడండి, పదహారు. దాని పక్కది, తొమ్మిది. మీది ఖాళీ."

అప్పటిదాకా నేను మాస్టారి వెనక నిలబడి ఉన్నాను. ముందుకొచ్చాను. "నేనున్నానండీ" అన్నాను.

అతను నన్ను చూశాడు, కంప్యూటర్ చూశాడు. చెడ్డవాడేం కాదు, నెమ్మదిగానే చెప్పాడు. "మీరున్నారమ్మా, కాదనను. పట్టికలో లేరు. పైవాళ్లు కాగితాలు తిరగేయరు, ఈ పట్టికే చూస్తారు."

తిరిగొచ్చేటప్పుడు టైలర్ కోడలు దారిలో ఎదురై కొత్త నోటుబుక్కు చూపించింది. ఆమెతో అట్ట బాగుందని మాత్రం అన్నాను.

వదినగారూ, కనపడినప్పుడు నన్ను నవ్వులపాలు చేశారు. దాచినప్పుడు నన్ను లేకుండా చేశారు. రెండుసార్లూ నా మేలుకేనన్నారు. నన్ను అక్కడ మళ్లీ పెట్టండి. కావాలంటే నా పేరుతో, ఇంటి నంబరుతో పెట్టండి. నాకు అభ్యంతరం లేదని వేలిముద్ర వేసి ఇస్తాను. అక్కర్లేదు, సంతకం వచ్చు.

మరదలు


అక్టోబరు 13

మరదలికి,

పెట్టలేను. నియమం నా చేతిలో లేదు. నీ ఒక్క గడి తెరిస్తే మొత్తం పట్టికే మూయిస్తారు. ఇంకొందరు వచ్చి చేరి ఐదుగురైతే అంకె దానంతట అదే కనపడుతుంది. అప్పటివరకు ఆగాలి.

ఖాళీ అంటే సున్నా కాదు. పట్టిక అడుగున రాసే పెట్టాను. చిన్న అక్షరాల్లో ఉన్న మాట నిజమే, కానీ ఉంది. చదవకుండా తరగతులు మూసేవాళ్ల తెలివితక్కువతనానికి నేనేం చేయను? ఆ మాట వివరంగా రాసి కార్యాలయానికి ఉత్తరం పంపాను. నకలు జతచేశాను.

ఆ గడిలో నువ్వున్నావని నాకు తెలుసు.

మీ వదిన


నవంబరు 2

వదినగారికి,

ఆ గడిలో నేనున్నానని మీకు తెలిస్తే నాకేం ఒరుగుతుంది? తెలియాల్సింది ఆ గుమాస్తాకి. మీ ఉత్తరం అతనికి అందింది. పైకి పంపానన్నాడు. పైనుంచి ఏమీ రాలేదు.

అక్టోబరు చివరికొచ్చి, తరగతి ఆఖరి వారంలో పడింది. ఇంట్లో చెప్పాను. మీ తమ్ముడు "పోనీ, పీడా పోయింది" అన్నారు గానీ, ఆ మాట అన్నాక పళ్లెంలో చేయి కడిగేసుకున్నారు. అత్తయ్యగారు గోడని అడిగారు, "ఎందుకు మూస్తున్నారట?"

గోడ బదులు నేను చెప్పాను. "పెళ్లైనవాళ్లు ఎవరూ చదవడం లేదటండీ. పట్టికలో ఎవరూ లేరట."

"ఎవరూ లేరా?" అని మొదటిసారి నా మొహంలోకి చూశారు. ఆ చూపుకి నేను వెనక్కి తగ్గాను. లేచి చెప్పులేసుకున్నారు. "పద."

బస్సెక్కి విద్యా కార్యాలయానికి వెళ్లాం. ఆ వరండాలో నా కన్నా ముందు నడిచారు. గుమాస్తా బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

"ఏం నాయనా, ఎవరూ లేరన్నావట?"

"పెద్దమ్మగారూ, అది కంప్యూటర్లో..."

"మూడు నెలలుగా వీధి వీధంతా నన్ను చూసి నవ్వుతోంది. కుళాయి దగ్గరికెళ్తే కోడల్ని బడికి పంపిన మహాతల్లి వచ్చిందని దారిస్తున్నారు. తలెత్తుకుని నడవలేక చస్తున్నా. ఇదంతా ఎవరూ లేకుండానే జరిగిందా?"

"అలా కాదండీ, లెక్క ప్రకారం..."

"ఆ లెక్క పెట్టింది నా కూతురు. దాన్ని కన్నది నేను. నాకు చెప్పకు లెక్కలు. ఇటు చూడు. ఈ పిల్లని చూడు. ఉందా, లేదా?"

"ఉందండీ."

"దాని వెనక గుమ్మంలో బిడ్డనెత్తుకున్నది?"

టైలర్ కోడలు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

"ఉందండీ."

"మరి ఉన్నారని రాయి. నువ్వు రాసేదాకా నేనిక్కడే కూర్చుంటా. ఇంటికెళ్లి చేసే పనేం లేదు, వంటకి కోడలు కూడా ఇక్కడే ఉంది."

కూర్చున్నారు. పక్క గదుల్లోవాళ్లు వచ్చి చూశారు. చివరికి పై అధికారి వచ్చి, తరగతికి ఒక మనిషిని పంపి తలలు లెక్కపెట్టించారు. మార్చి పరీక్ష అయ్యేవరకు మూయవద్దని కాగితం ఇచ్చారు. అంతవరకే. తర్వాత సంగతి తర్వాత అన్నారు.

బస్సులో అత్తయ్యగారు నా పక్కన ఖాళీ ఉన్నా ముందు సీట్లో కూర్చున్నారు. దిగేముందు వెనక్కి తిరక్కుండానే అన్నారు. "నువ్వు చదవడం నాకిష్టమై వచ్చాననుకోకు. నా ఇంట్లో తిని తిరిగే మనిషిని లేదంటే ఊరుకోలేక వచ్చాను." మీకు రాయమని ఇంకొక మాట చెప్పారు. "ఇంట్లో ఉన్న మనిషిని లేకుండా చేసే చదువు నిన్నెవరు చదవమన్నారో అడుగు." అడిగాను. జవాబు ఆవిడకే ఇవ్వండి, నాకొద్దు.

ఈ ఇంట్లో ఏదో మారిపోయిందని అనుకోవద్దు. ఆవిడ మళ్లీ గోడతోనే మాట్లాడుతున్నారు. మీ తమ్ముడు నేను చదువుతుంటే లైటు ఆర్పరు, వెయ్యరు. మీ మీద నా కోపం ఉన్నచోటే ఉంది.

పరీక్షకి నా పేరు వెళ్లింది. నాతో కలిపి తరగతిలో పెళ్లైనవాళ్లం ముగ్గురమే. ఐదుగురు కాలేదు కాబట్టి మీ పట్టికలో మా గడి ఖాళీగానే ఉంటుంది. ఫలితాలు వచ్చాక కూడా ఖాళీగానే ఉంటుంది. లక్షలమంది సంగతి కూర్చున్నచోటి నుంచి చూసి చెప్పగలరు మీరు. నేను పాసయ్యానో తప్పానో మాత్రం మీకు ఎక్కడ నొక్కినా కనపడదు. నేను ఉత్తరం రాయను, మీ తమ్ముడు ఫోన్ చేయరు.

తెలుసుకోవాలనిపిస్తే బస్సెక్కి వచ్చి, తలుపు కొట్టి, నన్నే అడగండి.

మరదలు